గవర్నర్‌పేటలో రేడియోలు బాగుచేసే పెద్దాయన షాపు – 4 స్టార్లు

మా ఇంట్లో నాన్న కొన్న పాత రేడియో ఒకటుంది. చిన్నప్పుడు రోజూ సాయంత్రం అందులో ఫీబా అనే క్రైస్తవ రేడియో పెట్టేవాళ్ళు, వాక్యం చెప్పేది తెలుగులోనే కాబట్టి నేను అది కూడా విజయవాడ స్టేషనే అనుకునేవాణ్ణి. మొన్న అమ్మ అటక మీంచి దింపించి అది వచ్చే షార్ట్‌వేవ్ (దూర దేశాల స్టేషన్లు అందే బ్యాండు) తిప్పితే ఒకటే హోరు. ముందు వేరే షాపులో ఇస్తే ఐసీ (లోపలి చిప్పు) పోయిందని 700 తీసుకుని మార్చాడు, మళ్ళీ అదే హోరు.

ఈ పెద్దాయన మూత తీసి స్టేషన్ మార్చే గ్యాంగ్ కండెన్సర్‌లో దుమ్ము బ్రష్‌తో దులిపి, తెగిన డయల్ దారం కొత్తది చుట్టి, వాల్యూమ్ గరగర పోవడానికి స్ప్రే కొట్టి, అప్పుడు అసలు సంగతి చెప్పాడు. "సెట్టు బానే ఉంది బాబూ, నువ్వు వెతికే స్టేషనే ఇప్పుడు లేదు." ఫీబా వచ్చేది సీషెల్స్ దీవుల నుంచంట, 1970లో పెట్టి 2003లో ఆపేశారు, ఏరియల్స్ ఏకంగా సముద్రంలో పగడపు దిబ్బ మీద నిలబెట్టారంట! మనీలా నుంచి వచ్చే క్యాథలిక్ రేడియో వెరితాస్ కూడా 2018లో షార్ట్‌వేవ్ మానేసి నెట్‌లోకి వెళ్ళిపోయింది. మన ఊళ్ళోనే పెట్టుకోవచ్చుగా అంటే, మత సంస్థలకి ఇక్కడ ఎఫ్ఎం లైసెన్స్ ఇవ్వరు, 1948 నుంచి ఉన్న బెజవాడ స్టేషనేమో ఆకాశవాణిది, అందుకే అంత దూరం నుంచి వేసేవాళ్ళు అన్నాడు. ఇన్నేళ్ళూ నాకు తట్టనే లేదు.

ఊరికే పంపలేదులెండి. రాత్రి ఎనిమిది దాటాక మీడియం వేవ్‌లో 882 పెట్టు, శ్రీలంక పుత్తలం నుంచి ఇలాంటి క్రైస్తవ స్టేషనే 400 కిలోవాట్లతో వస్తుంది, పగలు మాత్రం అందదు అన్నాడు. లోపల ఏరియల్‌గా పనిచేసే ఫెరైట్ రాడ్ ఉంటుంది కాబట్టి సెట్టు మెల్లగా పక్కకి తిప్పి చూడాలి, ఎల్‌ఈడీ బల్బు వల్ల హోరు వస్తుంది కాబట్టి అది ఆర్పెయ్యాలి. అలాగే చేస్తే తమిళంలో ఎవరో ప్రార్థన చేస్తున్నారు, అమ్మకి ముక్క అర్థం కాకపోయినా ఆమెన్ దగ్గర తనూ ఆమెన్ అంది.

450 తీసుకున్నాడు, బిల్లు లేదు. నాలుగు రోజులని చెప్పి పదకొండు రోజులు తిప్పాడు, ఫోన్ ఎత్తడు, ఒక స్టార్ అందుకే తగ్గించా. ఆదివారం షాపు మూసేస్తాడు. సెల్లులు మీరే పట్టుకెళ్ళండి, ఆయన దగ్గరున్నవి సగం డౌన్.