అనంతగిరి ఘాటు మీద 21 కిలోమీటర్లు, వికారాబాద్‌లో ఒక రాత్రి

ఆదివారం తెల్లవారుజామున 4 గంటల 10 నిమిషాలు. నేనూ, మా ఆడపడుచూ బూట్లు వేసుకుని, అరటిపళ్ళు సంచిలో పెట్టుకుని లాడ్జి మెట్లు దిగాం. మా ఆయన కారు తాళాలతో వెనక వస్తున్నారు. కింద షట్టర్ వేసి ఉంది. దానికి బయటనుంచి తాళం. రిసెప్షన్‌లో మనిషి లేడు. బిబ్‌లు, అంటే పరిగెత్తేవాళ్ళు బట్టలకు తగిలించుకునే నంబరు కాగితాలు, ఇచ్చే టేబుల్ 5 గంటలకు మూసేస్తామన్నారు, 5:30కి రేసు. మూడు నెలలుగా వేకువనే లేచి పరిగెత్తుతున్నదాన్ని, ఆ షట్టర్ పట్టుకుని నిలబడితే నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఆగస్టు చివరి ఆదివారం హైదరాబాద్ మారథాన్. నాకు అదే మొదటి ఫుల్, 42.195 కిలోమీటర్లు. నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. మధ్యలో ఫ్లైఓవర్లు, బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ ఎత్తులు. పైగా వానాకాలపు ఉక్క. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, అదే వేగానికి గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది. మా కూకట్‌పల్లిలో పార్కు చుట్టూ ఎన్ని రౌండ్లు కొట్టినా ఆ ఎత్తులకు కాళ్ళు తయారు కావు. అందుకే జూలై చివరి ఆదివారం అనంతగిరి ఘాటు రోడ్డు మీద చిన్న రేసు ఉందని తెలియగానే హాఫ్‌కు (సగం మారథాన్, 21 కిలోమీటర్లు) పేరు ఇచ్చాను. ఫీజు 900. మా ఆడపడుచు 10కేకి, అంటే 10 కిలోమీటర్ల పరుగుకు ఇచ్చింది, 700. తనకు అదే మొదటి రేసు. మా ఆయన పరిగెత్తరు, "మీ ఇద్దరినీ దింపి అనంత పద్మనాభ స్వామి దర్శనం చేసుకుంటా" అన్నారు.

శనివారం మధ్యాహ్నం బయలుదేరాం. చేవెళ్ళ దారిలో ఆ పాత మర్రిచెట్ల నీడలో ప్రయాణం ఎప్పుడూ బాగుంటుంది, ఇప్పుడూ బాగానే జరిగింది.

కొండమీద పర్యాటక శాఖ వాళ్ళ హరిత రిసార్ట్ ఉంది కానీ మేము ఫోన్ చేసేసరికి నిండిపోయింది. జూలైలో అనంతగిరికి హైదరాబాద్ సగం కదిలి వస్తుంది కాబట్టి నెల ముందే చూసుకోవాల్సింది. చివరికి వికారాబాద్ ఊళ్ళో బట్టల షాపు పైన ఒక లాడ్జి దొరికింది. గది 1,800, మూడో మనిషికి 300. ఇరవై నాలుగు గంటల చెకౌట్, వేడినీళ్ళు ఎప్పుడూ ఉంటాయని ఫోన్లో చెప్పారు. సాయంత్రం 5 గంటలకు చేరాం. దుప్పట్లు మార్చమంటే అవి మార్చినవేనన్నారు. దిండు మీద ఎవరిదో పొడుగాటి వెంట్రుక ఉంది, అది చూపిస్తే అప్పుడు మార్చారు. వేడినీళ్ళు అడిగితే బకెట్‌కు 30 రూపాయలన్నారు. గీజర్ ఉంది, దాని వైరు కోసేసి ఉంది. సరే, ఒక్క రాత్రేగా అని ఊరుకున్నాం. అయితే ఒక మాట మాత్రం నేను రెండుసార్లు చెప్పాను, మా ఆయన ఒకసారి చెప్పారు: "మేము 4 గంటలకు వెళ్ళాలి, గేటు తీసి ఉంచాలి." కౌంటర్‌లో ఉన్న అబ్బాయి రిజిస్టర్‌లో రాసుకున్నాడు కూడా.

ఆ అబ్బాయి రాత్రి బయటనుంచి తాళం వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. లాడ్జిలో ఆ రాత్రి కనీసం ఆరు గదుల్లో జనం ఉన్నారు. కింద మొత్తం బట్టల షాపు. మెట్లు ఒక్కటే, వాటికి ఒక్కటే షట్టర్. కరెంటు వైరు ఎక్కడైనా అంటుకుంటే ఎంతమంది బయటపడేవాళ్ళు? నా రేసు పోతే పోయింది, ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. లాడ్జి నంబరుకు మా ఆయన పదకొండుసార్లు చేశారు. పైన రిసెప్షన్‌లోనే ఆ ఫోన్ మోగుతోంది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి షట్టర్‌ను రెండు చేతులతో బాదారు. మా ఆడపడుచు మెట్ల మీద కూర్చుని "వదినా, నాకు భయంగా ఉంది, నేను పరిగెత్తను" అంటోంది. ఆ చప్పుడుకు ఎదురుగా టీ కొట్టు తెరుస్తున్న పెద్దాయన వచ్చారు. సంగతి విని, ఆ అబ్బాయి ఇల్లు పక్క సందులోనే అని తనే వెళ్ళి లేపుకొచ్చారు. షట్టర్ లేచేసరికి 4:46. అబ్బాయి క్షమించమని కూడా అనలేదు. టీ పెద్దాయన మాత్రం "జల్ది పోండి బిడ్డా, టైమున్నది" అని మాకు ధైర్యం చెప్పారు. 4:57కి బిబ్‌లు మా చేతికి వచ్చాయి.

స్టార్ట్ దగ్గర ఇంకో కష్టం. పోర్టబుల్ టాయిలెట్లు రెండు. ఒకదానిలో నీళ్ళు లేవు, రెండోదానికి గొళ్ళెం లేదు. మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఒకటే లైను. ఆడవాళ్ళం యాభై మందికి తక్కువ ఉండం. ఫీజు మా దగ్గరా అంతే తీసుకున్నారు కదా. మూడు గంటలు రోడ్డు మీద ఉండాల్సిన ఆడమనిషి ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు తగ్గించుకుని వస్తే, ఆ ఉక్కలో ఆమె కళ్ళు తిరిగి పడిపోతుంది. నిర్వాహకుల్లో ఒకరిని అడిగితే "వచ్చేసారి చూస్తాం మేడమ్" అన్నారు. రోడ్డుకు అవతలి ఇంటి ముందు ఊడుస్తున్న ఒక ముసలమ్మ మా అవస్థ చూసి, "ఇటు రా బిడ్డా, మా ఇంట్ల ఉన్నది" అని పిలిచింది. మా తర్వాత ఇంకో ఏడెనిమిది మంది ఆ ఇంట్లోకే వెళ్ళారు. ఆమె బకెట్లతో నీళ్ళు మోసుకొచ్చి పెట్టింది.

రేసు మాత్రం నేను అనుకున్నదానికంటే గొప్పగా ఉంది. ఊరి చివర మొదలై ఘాటు ఎక్కి, అడవి దాటి, నంది ఘాట్ మలుపుల మీదుగా కెరెల్లి వైపు దిగి, మళ్ళీ అదే దారిన వెనక్కి. నా వాచ్ లెక్కలో మొత్తం ఎక్కుడు 290 మీటర్లు. సముద్రతీరం మీద పరిగెత్తేవాళ్ళకు ఇది రెండు హాఫ్‌లతో సమానం. రాత్రి వాన పడి రోడ్డు తడిగా, చెట్లన్నీ కడిగినట్టుగా ఉన్నాయి. ఈ కొండల్లోనే మూసీ పుడుతుంది. పైన పాత క్షయ ఆసుపత్రి ఉంది, ఇక్కడి గాలి ఊపిరితిత్తులకు మంచిదని ఆ రోజుల్లో రోగులను ఇక్కడికి పంపేవారు. మొదటి ఎక్కుడులో నోరు తెరిచి పీల్చుకుంటుంటే ఆ మాట ఎంత నిజమో అర్థమైంది.

నేను వేగం చూసుకోలేదు, ఊపిరి చూసుకున్నాను. చదునులో నా హాఫ్ పేస్ కిలోమీటరుకు ఆరున్నర నిమిషాలు. ఎక్కుడులో దాన్ని పట్టుకుని వేలాడితే పైకి చేరేసరికి కాళ్ళలో సరుకు ఉండదు. అడుగులు చిన్నవి చేసి, చేతులు ఆడిస్తూ, పక్కనున్న వాళ్ళతో ఒక వాక్యం మాట్లాడగలిగేంత మెల్లగా ఎక్కాను. కిలోమీటరు 8 నిమిషాలు దాటినా కంగారు పడలేదు. నన్ను దాటిపోయిన కుర్రాళ్ళు చాలామంది 15వ కిలోమీటరు తర్వాత నడుస్తూ కనిపించారు.

ఎక్కుడు కన్నా దిగుడు ప్రమాదం. దిగేటప్పుడు ఆయాసం ఉండదు కాబట్టి మనిషి వదిలేస్తాడు, కానీ ప్రతి అడుగుకూ తొడ కండరం సాగుతూ బరువును ఆపుతుంది. దాని దెబ్బ అప్పుడు తెలియదు. నంది ఘాట్ దిగుడులో నేనూ కొంచెం ఎక్కువే వదిలేశాను. మలుపు తిరిగి మళ్ళీ అదే ఘాటు ఎక్కేటప్పుడు తొడలు రాళ్ళయ్యాయి. 13 నుంచి 16 వరకు నడక, పరుగు, నడక, పరుగు. మారథాన్‌లో 30 కిలోమీటర్ల తర్వాత ఇలాగే ఉంటుందని అందరూ చెబుతారు. ఆగస్టులో కేబుల్ బ్రిడ్జి దాటి గచ్చిబౌలి వైపు వెళ్ళేటప్పుడు నాకు ఈ మూడు కిలోమీటర్లే గుర్తుకొస్తాయి.

నీళ్ళ టేబుళ్ళకు వంక పెట్టలేను. రెండున్నర కిలోమీటర్లకు ఒకటి, ఓఆర్ఎస్, ఉప్పు చల్లిన నిమ్మచెక్కలు, అరటిపళ్ళు. అక్కడున్న కాలేజీ పిల్లలు చేతికి గ్లాసు ఇచ్చి పక్కనే నాలుగు అడుగులు పరిగెత్తి ఖాళీ గ్లాసు తీసుకున్నారు. కానీ రోడ్డు మూయలేదు. 7 గంటల దాకా ఏమీ కాలేదు. ఆ తర్వాత హైదరాబాద్ నుంచి బైకులు, కార్లు మొదలయ్యాయి. మలుపులో ఒక కారు నా మోచేతికి జానెడు దూరంలో పోయింది. గంటన్నరలోపు ముగించలేని వాళ్ళు రోడ్డు ఎడమ అంచు వదలొద్దు, చెవుల్లో పాటలు అసలే పెట్టుకోవద్దు.

2 గంటల 41 నిమిషాలు. చదునులో నా టైము కంటే 23 నిమిషాలు ఎక్కువ. అయినా నా హాఫ్‌లన్నిటిలో నాకు బాగా నచ్చిన టైము ఇదే. మా ఆడపడుచు 1:19లో 10కే ముగించి, మెడల్ వేసుకుని, నా కోసం రోడ్డు పక్కన ఎగురుతూ కేకలు వేస్తోంది. 4 గంటలకు మెట్ల మీద ఏడ్చిన పిల్ల ఈమేనా అనిపించింది.

8:50కి లాడ్జికి వెళ్తే, చెకౌట్ 8 గంటలకే అయిపోయిందట, ఇంకో 500 కట్టాలట. కౌంటర్‌లో ఓనర్ ఉన్నారు. ఇరవై నాలుగు గంటలని చెప్పారు కదా అంటే, శని ఆదివారాలకు అది వర్తించదన్నారు. తాళం సంగతి అడిగితే "సెక్యూరిటీ కోసం" అన్నారు. మా సామాను గదిలో ఉంది, గది తాళం ఆయన దగ్గర ఉంది. 500 కట్టి, రసీదు రాయించుకుని వచ్చేశాం. ఆ రసీదుతో పాటు బయటనుంచి తాళం వేసిన షట్టర్ ఫోటో కూడా నా దగ్గర ఉంది. రెండూ కలిపి ఫైర్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తాను.

కారులో ఎవరూ మాట్లాడలేదు. ఊరు దాటుతుంటే రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఒకావిడ జొన్న రొట్టె చరుస్తూ కనిపించింది. కారు ఆపమన్నాను. రొట్టె 20, పప్పు గిన్నె 40. పిండి ముద్దను చేత్తో తిప్పుతూ చరిచి, పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో తుడిచి, పొంగగానే తీసి కంచంలో వేస్తోంది. పచ్చిమిర్చి తొక్కు, ఉల్లిపాయ ముక్కలు ఊరికే ఇచ్చింది. ఆ పప్పు రుచి నేను చెప్పలేను. వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు తప్ప అందులో ఇంకేమీ లేదు. ఏం పప్పు అని అడిగితే, "తాండూరు కంది అక్కా, మాది గిదే" అంది. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు (ఆ ప్రాంతపు ప్రత్యేక పంట అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చిందని పేపర్లో చదివాను, తినడం ఇదే మొదలు. ముగ్గురం ఏడు రొట్టెలు తిన్నాం, రెండు గ్లాసుల మజ్జిగ తాగాం. అంతా కలిపి 280. అప్పుడు మా ఆయన నోరు విప్పారు. దర్శనం బాగా జరిగిందనీ, గుడి దగ్గర కోతి ఒకటి కొబ్బరిచిప్ప లాక్కుపోయిందనీ చెప్పారు.

లెక్క చెప్పాలంటే ఫీజులు 1,600, లాడ్జికి మొత్తం 2,660, పెట్రోలు 1,200, శనివారం రాత్రి భోజనం 480, రొట్టెలు 280. మొత్తం 6,220. ఇందులో లాడ్జి డబ్బు దండగ. హైదరాబాద్ వాళ్ళు రాత్రి పదింటికి బదులు ఎనిమిదింటికే పడుకుని, 2:45కి బయలుదేరి నేరుగా స్టార్ట్‌కు వెళ్ళండి. రాత్రి ఉండాల్సిందే అనుకుంటే కొండమీద గది దొరికితేనే ఉండండి. ఎక్కడ దిగినా డబ్బు కట్టే ముందు రాత్రి తాళం ఎవరి దగ్గర ఉంటుందో, ఆ మనిషి ఎక్కడ పడుకుంటాడో అడగండి. మారథాన్‌కు నాలుగైదు వారాల ముందు ఇలాంటి ఘాటు ఒకసారి పరిగెత్తడం మంచిదే, అంతకంటే దగ్గరగా వద్దు. బుధవారం దాకా నేను మా ఆఫీసు మెట్లు రెయిలింగ్ పట్టుకుని పక్కకు తిరిగి దిగాను.

రొట్టెలావిడ దగ్గరే కిలో 160 చొప్పున కందిపప్పు 5 కిలోలు కొన్నాను. ఆ రాత్రే వండాను, మూడు విజిల్స్‌కు వెన్నలా ఉడికింది. మా ఆడపడుచు తొక్కు కోసం పచ్చిమిర్చి వేయిస్తోంది.