డాలస్–దోహా–హైదరాబాద్: స్టేటస్ పనికొచ్చిన చోట్లు, పనికిరాని చోట్లు

టికెట్ కొనేటప్పుడు అందరం చూసేది ధర, మధ్యలో ఎన్ని గంటలు ఆగాలి, ఎన్ని పెట్టెలు పెట్టనిస్తారు. ఆ టికెట్ మీద ఏ ఎయిర్‌లైన్ సభ్యత్వ నంబరు వేయించుకోవాలన్నది చాలామందికి చెకిన్ కౌంటర్ దగ్గరకొచ్చేదాకా గుర్తుకురాదు. అమ్మను అమెరికా తీసుకురావడానికి ఈమధ్య డాలస్ నుంచి ఖతార్ ఎయిర్‌వేస్‌లో దోహా మీదుగా హైదరాబాద్ వెళ్లొచ్చాను. నాకు అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో ప్లాటినం స్టేటస్, అంటే తరచూ ఎగిరే సభ్యులకిచ్చే హోదా, ఉంది. ఖతార్, అమెరికన్ రెండూ వన్‌వరల్డ్ అనే ఎయిర్‌లైన్ల కూటమిలోవే కాబట్టి అది దారి పొడవునా చెల్లుతుంది. దాంతో ఎక్కడ ఏం దొరికిందో, అసలది ఎలా వస్తుందో, ఎవరు దాని వెంట పడనక్కర్లేదో రాస్తున్నాను.

ముందు అది వచ్చే దారి. అమెరికన్ వాళ్ల సభ్యత్వ పథకం అడ్వాంటేజ్ 1981 మే 1న మొదలైంది. చాలా ఏళ్లు ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్లు. ఇప్పుడు వాళ్ల సొంత విమానాల్లో పెట్టే ఖర్చును బట్టి పాయింట్లు. 2022 నుంచి స్టేటస్‌కు ఈ లాయల్టీ పాయింట్లే కొలమానం. వాటి ఏడాది మార్చి 1న మొదలై ఫిబ్రవరి ఆఖరుతో ముగుస్తుంది. 40 వేలకు గోల్డ్, 75 వేలకు ప్లాటినం, 1,25,000కు ప్లాటినం ప్రో, 2 లక్షలకు ఎగ్జిక్యూటివ్ ప్లాటినం. వన్‌వరల్డ్ భాషలో గోల్డ్ అంటే రూబీ, ప్లాటినం అంటే సఫైర్, ఆ పై రెండూ ఎమరాల్డ్. విమానాశ్రయంలో తిండి, విశ్రాంతి దొరికే లాంజ్ తలుపు తెరుచుకునేది సఫైర్ నుంచే.

మనవాళ్లలో ఈ స్టేటస్ ఎక్కువగా కనిపించేది సోమవారం పొద్దున విమానమెక్కి గురువారం రాత్రి ఇల్లు చేరే కన్సల్టెంట్ల దగ్గర. లెక్క ఇలా వేసుకోండి. పన్నులు పోను రానుపోను టికెట్ 400 డాలర్లు అనుకుందాం. మామూలు సభ్యుడికి డాలర్‌కు 5 పాయింట్లు, అంటే వారానికి 2 వేలు. 20 వారాలకు గోల్డ్. అక్కడి నుంచి డాలర్‌కు 7 వస్తాయి, వారానికి 2,800. ఇంకో 13 వారాలు తిరిగితే ప్లాటినం. టికెట్ డబ్బు క్లయింటుది, పాయింట్లు మనవి. ఇల్లు వదిలి తిరిగిన అలసటకు దక్కే ఫలం అది, మొహమాటం లేకుండా వాడుకోవాలి.

ఇక ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి ఇండియా వెళ్లే కుటుంబం సంగతి. డాలస్ నుంచి దోహా దాదాపు 7,900 మైళ్లు, అక్కడి నుంచి హైదరాబాద్ సుమారు 1,800. రానూపోనూ కలిపి 19 వేల పైచిలుకు. ఇంత దూరం ఎగిరాక గోల్డ్‌లో సగమైనా వచ్చేస్తుందనుకుంటారు. రాదు. ఖతార్ విమాన నంబరుతో అమ్మిన టికెట్‌ను అమెరికన్ ఖాతాలో వేయించుకుంటే, టికెట్ మీద ఉండే బుకింగ్ క్లాస్ అక్షరాన్ని బట్టి దూరంలో ఎంత శాతం ఇవ్వాలో తేలుతుంది. చౌక క్లాసుల్లో అది పావు వంతుకు పడిపోతుంది, అంటే 5 వేల లోపే. అదే విమానంలో అదే సీటును అమెరికన్ విమాన నంబరుతో కొంటే లెక్క డాలర్లలో ఉంటుంది. పన్నులు పోను 1,200 డాలర్లయితే మామూలు సభ్యుడికి 6 వేలు. ధర రెండుచోట్లా ఒకటే అయినప్పుడు ఈ తేడా చూసుకుని కొనడం తెలివైన పని. ఎలా కొన్నా, ఒక్క ఇండియా ప్రయాణంతో స్టేటస్ రాదు. నలుగురున్న కుటుంబమైతే ఎవరి పాయింట్లు వాళ్లవే, కలిపి ఒకరికి స్టేటస్ ఇవ్వరు.

క్రెడిట్ కార్డు దారి ఒకటుంది. అమెరికన్ వాళ్ల కార్డు మీద పెట్టే మామూలు ఖర్చుకు డాలర్‌కో లాయల్టీ పాయింటు జమవుతుంది. కార్డు తీసుకున్నప్పుడు ఇచ్చే బోనస్ మైళ్లు మాత్రం స్టేటస్ లెక్కలోకి రావు. ఎలాగూ పెట్టే ఖర్చయితే సరే. స్టేటస్ కోసమని ఖర్చు పెంచుకోవద్దు, నా మాట వినండి.

ఇక ప్రయాణం. డాలస్ విమానాశ్రయం డీ టెర్మినల్‌లో ప్రయారిటీ వరస ఉంది కానీ, ఆ వేళకు మామూలు వరస కూడా అంత పొడుగు లేదు. లాంజ్‌లో స్నానం చేసి, వేడి సూపు తాగి విమానమెక్కాను. విమానంలోకి అడుగుపెట్టాక స్టేటస్ చేసేది తక్కువ. ఎకానమీ సీటు అందరికీ ఒకే కొలత. అమెరికన్ విమానాల్లో అమెరికా లోపల తిరిగేటప్పుడు ఖాళీ ఉంటే పై తరగతికి ఉచితంగా మారుస్తారు. ఖతార్ విమానంలో ఆ ఆశ పెట్టుకోకూడదు. భోజనం, దుప్పటి, సిబ్బంది మర్యాద మాత్రం నాకు బాగా నచ్చాయి. ముందే అడిగితే హిందూ శాకాహార భోజనం ఇస్తారు, అది మామూలు ట్రే కంటే ముందే చేతికొస్తుంది.

దోహా హమద్ విమానాశ్రయంలో ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. అందరూ ఫొటోలు పెట్టే అల్ ముర్జాన్ లాంజ్ బిజినెస్ క్లాస్ టికెట్ ఉన్నవాళ్లది. ఎకానమీ టికెట్‌తో వచ్చే సఫైర్ వాళ్లను గోల్డ్ లాంజ్‌కు పంపుతారు. ఇది చిన్నది, హంగులు తక్కువ. కానీ శుభ్రంగా ఉంది, కాళ్లు చాపుకునే చోటుంది, వేడి తిండి ఉంది. పెద్ద పసుపు ఎలుగుబంటి బొమ్మ దగ్గర కుర్చీ కోసం వెతుక్కోవడంతో పోలిస్తే ఎంతో నయం. లాంజ్ లేనివాళ్లకు ఆర్చర్డ్ అనే లోపలి తోట ఉంది. చెట్ల మధ్య ఊరికే కూర్చోవచ్చు, దానికి ఏ కార్డూ అక్కర్లేదు.

వెళ్లేటప్పుడు దోహాలో ఒక రాత్రి ఆగాను. ఖతార్ వాళ్ల స్టాపోవర్ పథకంలో హోటల్ బయటి ధర కంటే చాలా చౌకగా దొరుకుతుంది, దానికీ స్టేటస్‌తో పనిలేదు. గది మామూలుగా ఉన్నా పరుపు బాగుంది, పొద్దున టిఫిన్‌లో ఇడ్లీ కూడా పెట్టారు. విమానాశ్రయం నుంచే మెట్రో ఉంది. టికెట్ 2 రియాళ్లు. ముషేరిబ్ స్టేషన్‌లో రెడ్ లైన్ నుంచి గోల్డ్ లైన్‌కు మారితే తర్వాతి స్టేషనే సూక్ వాకిఫ్. టాక్సీ ఎక్కడం డబ్బు దండగ.

స్టేటస్ విలువ నాకు పూర్తిగా కనబడింది తిరుగు ప్రయాణంలో, శంషాబాద్‌లో. గల్ఫ్ విమానాలు చాలావరకు తెల్లవారుజామున బయల్దేరతాయి కాబట్టి అర్ధరాత్రి దాటాక కౌంటర్ల ముందు జాతరలా ఉంటుంది. ట్రాలీల మీద తాళ్లతో కట్టిన పెట్టెలు, తూకం ఎక్కువై నేల మీదే పెట్టె విప్పి చీరలు తీస్తున్నవాళ్లు, నిద్రలో ఏడ్చే పిల్లలు. ప్రయారిటీ కౌంటర్‌లో మా ముందు ఇద్దరే ఉన్నారు. సఫైర్ వాళ్లకిచ్చే అదనపు పెట్టె ఇక్కడ అక్కరకొచ్చింది. అందులో ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, అమ్మ చీరలు. పచ్చడి సీసాలకు మూత మీద టేపు చుట్టి, ఒక్కోటీ రెండు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, చుట్టూ పాత తువ్వాళ్లు కూరింది అమ్మ. డాలస్‌లో విప్పితే ఒక్క చుక్క నూనె బయటికి రాలేదు.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. వీల్‌చైర్ సాయం టికెట్ కొన్నప్పుడే అడిగాను. దానికి డబ్బు కట్టక్కర్లేదు, స్టేటస్ అక్కర్లేదు. ఒంటరిగా వచ్చే పెద్దవాళ్లున్న ప్రతి ఇంటివాళ్లూ దీన్ని అడగాలి. దోహాలో అటెండెంట్ అమ్మను లాంజ్ తలుపు దాకా తోసుకొచ్చి, మళ్లీ ఏ టైముకు రావాలో రాసుకెళ్లాడు. సఫైర్ సభ్యుడితో ఒకరు రావచ్చు, వాళ్లకూ ఆ రోజు వన్‌వరల్డ్ విమానమే ఉండాలి. అమ్మ పప్పు సూపులో అన్నం కలుపుకుని తిని, చెప్పులు విప్పి కాళ్లు పైకి పెట్టుకుని గంటన్నర నిద్రపోయింది. బయట ఇనుప కుర్చీలో ఆ నిద్ర రాదు.

ఇదే సదుపాయం వేరే దారుల్లో ఎలా ఉంటుందో చూద్దాం. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు. వాళ్ల పథకం స్కైవార్డ్స్‌లో సిల్వర్‌కు 25 వేల టియర్ మైళ్లు (స్టేటస్ లెక్కకొచ్చే మైళ్లు), గోల్డ్‌కు 50 వేలు. సిల్వర్‌కు దుబాయ్‌లో లాంజ్ ఉంది కానీ సభ్యుడొక్కడికే. అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లేవాళ్లకు గోల్డ్ ఉంటేనే లాభం. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2025 ఏప్రిల్ నుంచి ఖర్చు లెక్కకు మారింది. సఫైర్‌తో సమానమైన సిల్వర్‌కు 7,500 పాయింట్లు కావాలి, పౌండ్‌కు ఒక పాయింటు. ఎకానమీలో ఎప్పుడో ఒకసారి వెళ్లేవాళ్లకు అది దాదాపు అందని మెట్టు. ఎయిరిండియా 2014 నుంచి స్టార్ అలయన్స్‌లో ఉంది. ఆ కూటమిలో గోల్డ్ ఉంటే లాంజ్‌లోకి ఒక అతిథిని తీసుకెళ్లవచ్చు, 20 కిలోలో ఒక పెట్టో అదనంగా ఇస్తారు. ఢిల్లీ మీదుగా తరచూ తిరిగేవాళ్లకు, యునైటెడ్ ఎక్కువగా ఎక్కే చికాగో, న్యూజెర్సీ వాళ్లకు ఇదే మేలు.

విమానాలు రద్దయినప్పుడు కూడా స్టేటస్ పనిచేస్తుంది. ఒక చలికాలం యూరప్‌లో మంచు వల్ల నా రెండో విమానం రద్దయింది. మామూలు డెస్క్ ముందు వరస కారిడార్ మలుపు దాటిపోయింది. ఆ ఎయిర్‌లైన్ ఫోన్ ఎత్తలేదు. ప్రయారిటీ డెస్క్‌లో అరగంటలో మర్నాటి పొద్దుటి సీటు, హోటల్ వోచర్ ఇచ్చారు. హోటల్ మాత్రం నాసిరకం. హీటర్ సరిగా పనిచేయలేదు, రాత్రి తినడానికి చల్లారిన శాండ్‌విచ్ తప్ప ఏమీ లేదు. అయినా పిల్లలతో నేల మీద పడుకున్నవాళ్లను చూశాక ఆ గదే పదివేలనిపించింది.

డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్ వరసలో ప్లాటినానికి విలువ లేదు. అక్కడ పనికొచ్చేది గ్లోబల్ ఎంట్రీ, అంటే ముందే తనిఖీ పూర్తయినవాళ్లను త్వరగా పంపే అమెరికా ప్రభుత్వ పథకం. అయిదేళ్లకు 120 డాలర్లు, భారత పౌరులూ దరఖాస్తు చేసుకోవచ్చు. నన్నడిగితే తరచూ అమెరికా వచ్చిపోయేవాళ్లు ఎయిర్‌లైన్ స్టేటస్ కంటే ముందు దీన్ని తీసుకోవాలి. అమెరికా లోపలి ప్రయాణాల్లో ఇంకో లోటు కూడా ఉంది. దేశం లోపలే తిరిగే రోజు అమెరికన్ సొంత ప్లాటినం సభ్యులకు లాంజ్ ప్రవేశం లేదు. అదే విమానంలో వెళ్లే బ్రిటిష్ సిల్వర్ సభ్యుడికి ఉంది. ఏటా కోటు తగిలించుకుని తిరిగే సొంత సభ్యుల పట్ల ఇది న్యాయం కాదు.

అమ్మ పేరున కూడా అడ్వాంటేజ్ ఖాతా తెరిచి, ఈ ప్రయాణం మైళ్లు అందులో వేయించాను. 24 నెలల్లో ఏదో ఒక జమో వాడకమో ఉంటే అవి పోవు. నా ప్లాటినం వచ్చే మార్చి 31తో అయిపోతుంది. ఇప్పుడు ప్రాజెక్టు డాలస్‌లోనే కాబట్టి మళ్లీ 75 వేలు రావు. దాన్ని నిలబెట్టుకోవడానికి ఏడాది చివర్లో పనిలేని విమానాలు ఎక్కేవాళ్లున్నారు. నేను ఎక్కను. ఆ డబ్బు పెట్టి అమ్మ తిరుగు ప్రయాణానికి దోహాలో మూడు గంటలే ఆగే టికెట్ చూస్తున్నాను. ఇప్పటికి దొరికినది ఎనిమిది గంటలు ఆగేదానికంటే 140 డాలర్లు ఎక్కువ.