పీఎస్‌పీకి మెమరీ కార్డు కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఇది చదవండి

పీఎస్‌పీ, వీటా, త్రీడీఎస్ లాంటి పాత గేమ్ మెషీన్లకు మెమరీ కార్డు కొనడానికి సికింద్రాబాదు పార్క్ లేన్ వైపు వెళ్లేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. నిన్న సాయంత్రం అక్కడ జరిగింది తలుచుకుంటే ఇంకా ఒళ్లు మండుతోంది. ఫిర్యాదు పెట్టాను కాబట్టి కొట్టు పేరు రాయడం లేదు. చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర్లో పాత కన్సోళ్ల బ్యాటరీలు, అనలాగ్ స్టిక్కులు, యూఎండీ (పీఎస్‌పీ ఆటల చిన్న డిస్కు) చదివే లెన్సులు అమ్మే కొట్లు తక్కువే. మీలో చాలామంది ఆ మెట్లు ఎక్కే ఉంటారు. నేను ఏళ్లుగా అక్కడే కొంటున్నాను. అందుకే ఈ కోపం.

మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి. సెలవులకు ఖమ్మం నుంచి వచ్చాడు. నా పాత పీఎస్‌పీ 3000 వాడికిచ్చాను. అందులో కస్టమ్ ఫర్మ్‌వేర్, అంటే కంపెనీది కాకుండా బయటివాళ్లు మార్చిన సాఫ్ట్‌వేర్, ఎప్పుడో వేసి ఉంది. అందరూ ఆటలు ఆడితే వీడు ఆట రాయడం మొదలుపెట్టాడు. లువా ప్లేయర్ అని ఒక హోమ్‌బ్రూ (కంపెనీతో సంబంధం లేకుండా అభిమానులు రాసుకున్న ప్రోగ్రామ్) ఉంది కదా, దాంట్లో స్క్రిప్ట్ రాస్తే పీఎస్‌పీ తెరమీద బొమ్మలు కదులుతాయి. వీడు క్యారమ్స్ బోర్డు గీసి, స్ట్రైకర్ గోడకు తగిలి వెనక్కి వచ్చేలా చేశాడు. కాయిన్ ఏ కోణంలో తగిలితే ఎటు పోవాలో లెక్కలు వేసుకుంటూ రాత్రి పదకొండింటి దాకా కూర్చునేవాడు. సోనీ పాత మెమరీ స్టిక్కులో చోటు చాలక, ఆ స్టిక్కు చోట మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టుకునే అడాప్టరు, 64 జీబీ కార్డు ఆ కొట్లోనే కొన్నాను. కార్డు 850, అడాప్టరు 350.

"64 నడుస్తదా?" అని కొట్టతన్ని అడిగాను. "ఏం పరేషాన్ లేదన్నా, మస్తు నడుస్తది. గ్యారంటీ నాది" అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

మొదట్లో అంతా బాగానే ఉంది. పీఎస్‌పీలోనే ఫార్మాట్ చేశాను, లువా ప్లేయరు, వేరే పాత మెషీన్ల ఆటలు ఆడించే ఎమ్యులేటర్లు వేశాను, అన్నీ తెరుచుకున్నాయి. తర్వాత నా దగ్గరున్న యూఎండీలను ఐఎస్ఓలుగా (డిస్కు మొత్తం ఒకే ఫైలుగా) మార్చి ఎక్కించాను. ఒక్కో యూఎండీ 1.8 జీబీ దాకా ఉంటుంది కదా, నాలుగైదు ఎక్కేసరికి తేడా మొదలైంది. ఆట మధ్యలో మెషీన్ బిగుసుకుపోతోంది. మెనూలో ఐకాన్లు పోయి 'కరప్టెడ్ డేటా' అని కనబడుతోంది. చివరికి పిల్లాడు స్క్రిప్ట్ లువా ఫైలు లాప్‌టాప్‌లో తెరిచాడు. ఫైలు పేరు ఉంది, సైజు సరిగ్గా ఉంది, తేదీ ఉంది. లోపల ఒక్క అక్షరం లేదు, నోట్‌ప్యాడ్ నిండా ఖాళీ. వాడు కిందికీ పైకీ స్క్రోల్ చేస్తూనే ఉన్నాడు.

కార్డును అడాప్టరులోంచి తీసి, నేరుగా కార్డ్ రీడరులో పెట్టి హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో పరీక్షించాను. కార్డు నిండా డేటా రాసి, దాన్ని తిరిగి చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని చూసే ఉచిత ప్రోగ్రామ్ అది. గంటల తరబడి నడిచి ఎర్రటి అక్షరాల్లో ఫలితం చూపించింది: 7.3 జీబీ మాత్రమే బాగుంది, మిగతాదంతా డేటా లాస్ట్. అంటే అది 8 జీబీ కార్డు. దాని కంట్రోలరులో (కార్డును నడిపే చిప్పులో) 64 అని అబద్ధం రాసి, పైన పెద్ద కంపెనీ పేరు ముద్రించి అమ్మారు. ఫైళ్ల పట్టిక కార్డు మొదట్లోనే ఉంటుంది కాబట్టి పేర్లు, సైజులు అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. ఎనిమిది దాటాక రాసినవి మాత్రం ఎక్కడా ఉండవు. కొన్ని దొంగ కార్డులైతే మొదటికి తిరిగి పాతవాటి మీదే రాసేస్తాయి.

ఫలితం ఫొటో తీసుకుని, కార్డు, ప్యాకెట్, బిల్లని రాసిచ్చిన కాగితం పట్టుకుని వెళ్లాను. పిల్లాడు కూడా వచ్చాడు.

కొట్టతను కార్డు చేతిలోకి తీసుకోకుండానే "దేంట్ల పెట్టినవన్నా?" అన్నాడు. పీఎస్‌పీ అన్నాను. "హ్యాక్ జేసినదా?" కస్టమ్ ఫర్మ్‌వేర్ ఉందన్నాను. అంతే, అతని గొంతు మారిపోయింది. "హ్యాక్ జేసిన దాంట్ల పెడితే కార్డు ఖరాబైతది. గిది కంపాటిబిలిటీ ప్రాబ్లం, మా తప్పు గాదు. 32 కంటె ఎక్కువ పెట్టొద్దని ఎవలైన జెప్తరు." గ్యారంటీ నాది అన్న మనిషే ఈయన! ఫొటో చూపించాను. "గవన్ని మాకు తెల్వదు. కంప్యూటర్ల 64 చూపిస్తుందా లేదా?" అన్నాడు. అప్పటికి కౌంటరు దగ్గర ఇంకో నలుగురున్నారు. వాళ్ల వైపు తిరిగి అందరికీ వినబడేలా అన్నాడు: "దొంగ ఆటలు ఆడుకునెటోళ్లు వీళ్లు. అసలు కార్డు ఇంట్ల పెట్టి, డూప్లికేట్ తెచ్చి మా మీద రుద్దుతున్నరు."

పిల్లాడు నా చొక్కా పట్టుకుని "మామయ్యా, పోదాం పద" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు. వాడు దొంగ ఆట ఆడలేదు, సొంత ఆట రాశాడు. 1200 రూపాయలు పోతే పోయాయి. పిల్లాడి ముందు మమ్మల్ని దొంగలన్నాడే, దాన్ని నేను వదలను.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. కార్డు మెషీన్‌కు సరిపోకపోవడం వేరు, కార్డే నకిలీది కావడం వేరు. హోమ్‌బ్రూ వాడే మనం గట్టిగా మాట్లాడలేమనే ధీమాతో ఈ కొట్టువాళ్లు రెండో తప్పును మొదటి దాని కింద దాచేస్తున్నారు. కస్టమ్ ఫర్మ్‌వేర్ ఉండేది మెషీన్‌లో. అది 64 జీబీ కార్డును 8 జీబీ కార్డుగా మార్చదు. అదే కార్డు మామూలు రీడరులో కూడా ఫెయిలైందంటే మెషీన్‌కు సంబంధమే లేదు.

నిజంగా సరిపోకపోవడం అంటే ఏమిటో కూడా చెబుతాను, ఇంకెవరూ ఆ మాటతో మిమ్మల్ని ఏమార్చకుండా. కార్డులో ఫైళ్లను అమర్చే పద్ధతులు కొన్ని ఉంటాయి. ఈ సైజు కార్డుల్లో పీఎస్‌పీ చదివేది ఫ్యాట్32 అనే పద్ధతి మాత్రమే. 32 జీబీ దాటిన మైక్రో ఎస్‌డీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతితో వస్తాయి, ఫ్యాట్32లోకి మార్చుకుంటే అడాప్టరులో చక్కగా నడుస్తాయి. 32 హద్దు అసలు మెమరీ స్టిక్ ప్రో డ్యూయోకి ఉన్నది, మైక్రో ఎస్‌డీకి కాదు. త్రీడీఎస్‌కీ ఫ్యాట్32యే కావాలి. నింటెండో స్విచ్ ఎక్స్‌ఫ్యాట్ చదువుతుంది కానీ హోమ్‌బ్రూ వాడేవాళ్లకు అందులో ఫైళ్లు చెడిపోయే ప్రమాదముంది, కాబట్టి ఫ్యాట్32 మంచిది. వీటా సంగతి తిరగేసి ఉంటుంది. గేమ్ కార్డు స్లాట్‌లో మైక్రో ఎస్‌డీ పెట్టుకునే ఎస్‌డీ2వీటా అడాప్టరుకు ఎక్స్‌ఫ్యాట్ చేసుకోవాలి. నింటెండో డీఎస్‌లో మైక్రో ఎస్‌డీ పెట్టుకోవడానికి వాడే మొదటితరం ఆర్4 కార్ట్ అయితే 2 జీబీ దాటిన కార్డును అసలు చదవదు, అది నిజమైన ఇబ్బంది. రెండు కార్డులు పట్టే పీఎస్‌పీ అడాప్టరు జోలికి మాత్రం పోకండి. డేటాను రెండింటికీ పంచి రాస్తుంది, ఒకటి పోతే రెండోదీ పోయినట్లే.

వేగం ఎక్కువని యూ3, 4కే అని రాసి ఉన్న కార్డులకు ఎక్కువ డబ్బులు పెట్టొద్దు. పీఎస్‌పీ స్లాట్‌కు అంత వేగం రాదు.

కార్డు కొన్నరోజే, ఏమీ ఎక్కించకముందే పూర్తిగా పరీక్షించండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో, మ్యాక్‌లో అదే పని చేసే ఎఫ్3. ఖాళీ కార్డు మీదే చేయండి. ప్రాపర్టీస్‌లో 64 అని కనబడితే చాలనుకోకండి, అబద్ధం రాసి ఉన్నది సరిగ్గా అక్కడే. బిల్లు మీద కార్డు కంపెనీ, జీబీ రాయించండి. నాకిచ్చింది చిత్తు కాగితమే, యూపీఐ రసీదు ఉంది కాబట్టి సరిపోయింది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపారమే. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు లేకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోనని మొండికేయడమూ అంతే. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఐదు లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు కూడా లేదు. అదే కొట్టులో మీరూ ఇలాంటి కార్డు కొని ఉంటే పరీక్ష ఫలితం ఫొటో, యూపీఐ రసీదు నాకు పంపండి, నా ఫిర్యాదుతో జతచేస్తాను. సికింద్రాబాదులోనో కోఠీలోనో మన కళ్ల ముందే పరీక్షించి ఇచ్చే కొట్టు తెలిస్తే అదీ చెప్పండి. పిల్లాడు ఆట మళ్లీ మొదటినుంచి రాస్తానంటున్నాడు, వాడికి మంచి కార్డు కావాలి.