చిలీ గోడలు: మ్యూజియం బొమ్మా, పోస్టరా, పేట బొమ్మా – ఏది మేలు?

చిలీ గోడబొమ్మల గురించి ఎక్కడ మాట్లాడినా చివరికి నన్ను అడిగే ప్రశ్న ఒకటే. నియంత పోయాక, ప్రజాస్వామ్యం వచ్చాక, అనుమతి తీసుకుని తీరిగ్గా వేసిన బొమ్మ గొప్పదా, ఎవరినీ అడక్కుండా రాత్రికి రాత్రి రాసిన నినాదం గొప్పదా? ఇన్నాళ్ళూ రెండూ కావాలి అనేదాన్ని. ఈ మధ్య మూడు చోట్ల గోడల చరిత్రను పక్కపక్కన పెట్టుకుని చదివాక అలా అనబుద్ధి కావడం లేదు.

1973 సెప్టెంబర్ 11న సైన్యం కుట్ర చేసి అధ్యక్షుడు అయ్యెందేను కూలదోసింది, నియంత పినోషే 1990 మార్చిలో గానీ దిగిపోలేదు; ఆ వివరాల్లోకి వెళ్ళను. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి: సైన్యం గద్దెనెక్కగానే చేసిన పనుల్లో గోడలకు వెల్ల వేయించడం ఒకటి. అంతకుముందు రమోనా పర్రా బ్రిగేడ్ అని కమ్యూనిస్టు కుర్రాళ్ళ దళం ఉండేది. ఒకరు గీత గీస్తే, ఒకరు వెనక రంగు పూస్తే, ఇంకొకరు బొమ్మలో రంగు నింపితే, చివరికి నల్లటి అంచులు దిద్దేవారు. పోలీసులు వచ్చేలోగా పని అయిపోవాలి కదా, ఆ లావుపాటి నల్ల గీతల శైలి ఆ తొందరలోంచే పుట్టింది. 1971లో ప్రసిద్ధ చిత్రకారుడు రోబెర్తో మత్తా వీళ్ళతో కలిసి సాంటియాగోలోని లా గ్రాంజాలో, ఈతకొలను దగ్గర, 'చిలీ ప్రజల మొదటి గోల్' అనే పెద్ద బొమ్మ వేశాడు. దాని మీద పొర మీద పొర రంగు పూసి మాయం చేశారు. ఆ పొరలన్నీ గీకి మళ్ళీ బయటికి తీసేసరికి 2000 సంవత్సరం దాటింది.

అందుకే నేను చూసేది ఒక్కటే. చెరిపేస్తే మళ్ళీ వేసేది ఎవరు? అందమా, ధైర్యమా, ఎంత మంది ఫొటోలు తీసుకున్నారు అన్నవన్నీ నాకు దాని తర్వాతే.

ముందు ఓడరేవు నగరం వాల్పరైసో. అక్కడి బెల్లావిస్తా కొండ మీద 'ఆరుబయటి మ్యూజియం' ఉంది, 20 కుడ్యచిత్రాలు, కవి నెరూడా ఇల్లు లా సెబాస్తియానా ఆ దగ్గరే. 1969లో కాథలిక్ యూనివర్సిటీ విద్యార్థులు గురువు ఫ్రాన్సిస్కో మెందెస్‌తో కలిసి మొదలుపెట్టిన పని సైనిక కుట్రతో ఆగిపోయి, 1992లో పూర్తయింది. మత్తా ఉన్నాడు, నెమెసియో అంతూనెస్ ఉన్నాడు, రోసెర్ బ్రూ ఉంది. ఈ బ్రూ 1939లో నెరూడా ఏర్పాటు చేసిన విన్నిపెగ్ ఓడలో స్పానిష్ శరణార్థిగా చిలీ చేరిన మనిషి. మధ్యలో తెగిపోయిన పనిని ఇరవై ఏళ్ళకు మళ్ళీ అందుకోవడమే ఒక రాజకీయ ప్రకటన, ఆ గౌరవం నాకుంది. కానీ చాలావరకు అమూర్త చిత్రాలు, పెద్ద పేర్లు. ఎండకి వానకి రంగు వెలిసిపోతుంది, వాటి మీద ఎవరో పేర్లు గీకి పోతారు. ఆ మెట్ల పక్కన ఉండేవాళ్ళు బ్రష్ పట్టుకుని మత్తా బొమ్మ దిద్దలేరు కాబట్టి యూనివర్సిటీయో మున్సిపాలిటీయో నిధులు తేవాలి. చూడ్డానికి తప్పకుండా వెళ్ళండి. నా ప్రశ్నకు జవాబు మాత్రం అక్కడ లేదు.

రెండోది సాంటియాగో నడిబొడ్డున, అలమేదా రోడ్డు మీద ఉన్న, కవయిత్రి గాబ్రియేలా మిస్త్రాల్ పేరిట నడిచే సాంస్కృతిక కేంద్రం గోడ. అసలు ఆ భవనం కథే ఒక చరిత్ర. అయ్యెందే హయాంలో ఐక్యరాజ్యసమితి వాణిజ్య సదస్సు కోసం 275 రోజుల్లో కట్టారు, 1972లో. కుట్ర తర్వాత సైనిక ప్రభుత్వం అందులోనే కూర్చుంది, పేరు కూడా మార్చేసింది. 2006లో తగలబడింది, 2010లో కవయిత్రి పేరుతో మళ్ళీ తెరుచుకుంది. 2019 అక్టోబర్‌లో మెట్రో టికెట్ 30 పెసోలు పెంచినందుకు మొదలైన గొడవ "30 పెసోలు కాదు, 30 ఏళ్ళు" అనే నినాదంగా (నియంత పోయాక కూడా ముప్పై ఏళ్ళుగా సాగిన అసమానత మీద కోపం అన్నమాట) మారినప్పుడు, జనం కోపమంతా ఆ గోడ మీదికి ఎక్కింది. జీన్స్ వేసుకుని జెండా పట్టుకున్న మిస్త్రాల్, నిరసనల్లో తిరిగిన నల్ల కుక్క, ఎక్కడ చూసినా కళ్ళు. పోలీసుల పెల్లెట్లకు, బాష్పవాయు గోళాలకు 400 మందికి పైగా కళ్ళు దెబ్బతిన్నాయని వాళ్ళ జాతీయ మానవ హక్కుల సంస్థే లెక్క తేల్చింది. పోస్టర్లు అంటించడానికి అక్కడా మన మైదా లాంటి పిండి జిగురే.

2020 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఎవరో వచ్చి ఆ గోడంతా రంగు పూసి పోయారు. తెల్లారాక జనం ఆ తడి మీదే మళ్ళీ అంటించడం మొదలుపెట్టారు. లా గ్రాంజా బొమ్మకు మూడు దశాబ్దాలు పట్టిన పని ఇక్కడ ఒక్క పూటలో మొదలైంది! దీని వేరు 1983లో ఉంది. కుట్రకు పదేళ్ళు నిండిన ఆ ఏడు, నియంత ఇంకా ఉండగానే, కాదా (CADA) అనే కళాకారుల బృందం సాంటియాగో గోడల మీద 'నో +' అని మాత్రమే రాసి వదిలేసింది. స్పానిష్‌లో ఆ + గుర్తును 'మాస్' అని చదువుతారు, 'ఇక వద్దు' అన్నమాట. ఏది వద్దో దారిన పోయేవాళ్ళు పూరించారు: చావులు, చిత్రహింసలు, భయం. నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడిచే విషయం అది.

మరి పోస్టరే మేలు అనొచ్చు కదా? అనలేకపోతున్నాను. తిరిగొచ్చే జనం వీధిలో ఉన్నంత వరకే ఆ గోడకు బలం. 2022 సెప్టెంబర్‌లో, ఆ ఉద్యమం ఫలితంగా తయారైన కొత్త రాజ్యాంగ ముసాయిదాను దాదాపు 62 శాతం ఓటర్లు తిప్పికొట్టారు. ఆ గోడ చూసి దేశమంతా ఒకే మాట మీద ఉందనుకున్నవాళ్ళు (నేనూ అలాగే అనుకున్నాను) ఎంత తప్పుగా చదివామో అప్పుడు తెలిసింది.

మూడోది నగరానికి దక్షిణాన సాన్ మిగేల్ పేట. కార్మికుల కోసం కట్టిన పాత అపార్ట్‌మెంట్ బ్లాకులు. 2010 ప్రాంతంలో, తమ పేట పాడుబడిపోతోందని బాధపడిన అక్కడివాళ్ళే కొందరు, బ్లాకుల పక్కగోడల మీద నిలువెత్తు బొమ్మలు వేయించడం మొదలుపెట్టారు. చిత్రకారుడు ముందు చిత్తుబొమ్మ తెచ్చి చూపించాలి, ఆ బ్లాకులో ఉండేవాళ్ళు మాట్లాడుకోవాలి, వాళ్ళు సరే అంటేనే రంగు పడుతుంది. నియంత కాలంలో అతణ్ణి ఎదిరించే పాటలు పాడిన లాస్ ప్రిసియోనెరోస్ బ్యాండ్ ఈ ప్రాంతం కుర్రాళ్ళే, వాళ్ళ బొమ్మ ఉంది. రమోనా పర్రా బ్రిగేడ్‌లో మొదటి నుంచీ ఉన్న 'మోనో' గొంసాలెస్ కూడా ఇక్కడ గోడ వేశాడు. పోలీసులు వచ్చేలోగా పారిపోవాల్సిన చేతులు, కింద నిలబడి చూస్తున్న ఇంటివాళ్ళ మధ్య నింపాదిగా అదే నల్ల గీత గీశాయి.

అనుమతి అంటే మనకు వెంటనే ఆఫీసు, సంతకం, ముద్ర గుర్తొస్తాయి. ఇక్కడ అనుమతి ఇచ్చేది ఆ గోడ వెనక వంట చేసుకునే మనిషి. మన ఊళ్ళలో ఎన్నికలొస్తే ఇంటాయన్ని అడక్కుండానే ఈ గోడ మా పార్టీకి రిజర్వ్ అని రాసి పోయే సంగతి తెలిసినవాళ్ళకి ఇదెంత పెద్ద తేడానో చెప్పక్కర్లేదు. తను ఒప్పుకుని వేయించుకున్న బొమ్మ మీద ఎవరైనా రంగు పూస్తే ఆ మనిషి ఊరుకోదు. ఉద్యమం ఉన్నా లేకపోయినా ఆమె అక్కడే ఉంటుంది. నా మొగ్గు ఇటే. లోపం లేదా అంటే ఉంది, పేటవాళ్ళు ఒప్పుకోని మాట ఆ గోడ ఎక్కదు. 2019 అక్టోబర్‌లో కన్ను పోయినవాళ్ళ గురించి రాయడానికి బ్లాకు మీటింగ్ దాకా ఎవరూ ఆగరు, ఆగకూడదు కూడా. ఆ రోజుకి పోస్టరే కావాలి.

వెలుగుతో భవనాల మీద మాటలు వేసే పద్ధతి కూడా అడుగుతుంటారు. 2020 మేలో డిలైట్ ల్యాబ్ అనే బృందం వాళ్ళు సాంటియాగోలో ఒక టవర్ మీద 'ఆకలి' అనే ఒక్క మాట వెలిగించారు. గొప్ప పని, కానీ ప్రొజెక్టర్ ఆపితే ఏమీ మిగలదు.

ఒక్క పూటే టైమ్ ఉందని అడిగేవాళ్ళకి: మెట్రో రెండో లైన్‌లో దెపార్తమెంతాల్ స్టేషన్‌లో దిగితే సాన్ మిగేల్ గోడలు నడిచే దూరమే. ఆ బొమ్మల పక్కన కిటికీలుంటాయి, లోపల మనుషులుంటారు, కెమెరా ఎత్తే ముందు ఒక మాట అడగండి.