రిజిస్టర్డ్ చీటీలు: ఏళ్ల తరబడి కట్టాక నాకు అర్థమైంది

చీటీ కట్టాలా, ఆర్డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కట్టాలా అని మా చుట్టాల్లో ఎవరు అడిగినా నేను ముందు ఒక్కటే అడుగుతాను: మధ్యలో మీకు పెద్ద మొత్తం అవసరం పడుతుందా, లేదా? పడుతుందంటే చీటీ కట్టండి, పడదంటే వద్దు. పదేళ్లకు పైగా విజయవాడలో రిజిస్టర్డ్ కంపెనీల్లో చీటీలు కడుతున్నాను. కొన్ని మొదట్లోనే పాడుకున్నాను (అంటే నెలనెలా జరిగే పాటలో అందరికంటే ఎక్కువ తగ్గించుకుని ఆ నెల డబ్బు తీసుకోవడం), కొన్ని ఆఖరిదాకా ఉంచాను, రెండు రకాల లెక్కలూ నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్తున్నాను.

మాది ఆటోనగర్ మీద బతికే ఇల్లు. మా వారికి అక్కడ లేత్ పని. లారీలు బాగా వచ్చిన నెలలో చేతినిండా డబ్బు, రాని నెలలో కుర్రాళ్ల జీతాలకే వెతుక్కోవాలి. ఇలాంటి ఇంటికి బ్యాంకు పర్సనల్ లోన్ అంత తేలిగ్గా రాదు, జీతం స్లిప్పు అడుగుతారు, మన దగ్గర అది ఉండదు. బయట తెస్తే రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం, బాగా తెలిసినవాళ్లయితే రూపాయిన్నర. బంగారం పెట్టి తెచ్చుకోవచ్చు గానీ ప్రతిసారీ మెడలోది తీసి ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు. మాకు చీటీ పనికొచ్చింది ఇక్కడే.

లెక్క చెప్తాను. 5 లక్షల చీటీ, 50 మంది, 50 నెలలు, నెలకు 10,000 అనుకోండి. కంపెనీ కమీషన్ 5 శాతం, అంటే 25,000. (ఇప్పుడు చట్టం 7 శాతం దాకా తీసుకోనిస్తుంది, 2019 సవరణకు ముందు 5 శాతమే. మీ కంపెనీ ఎంత తీసుకుంటుందో చేరే ముందే అడగండి, ఆ రెండు శాతం చిన్నదేం కాదు.) అవసరం ఉన్నవాళ్లు లక్షన్నర తగ్గించి పాడారంటే వాళ్ల చేతికి మూడున్నర లక్షలు వస్తుంది. ఆ లక్షన్నరలో కమీషన్ పోగా మిగిలిన 1,25,000ను 50 మందికీ పంచితే తలా 2,500, కాబట్టి వచ్చే నెల పదివేలకు బదులు 7,500 కడితే సరిపోతుంది. దీన్నే డివిడెండ్ అంటారు. మొదట్లో అవసరం ఉన్నవాళ్లు పోటీపడి పాడతారు గనక డివిడెండ్ బాగా వస్తుంది, చివర్లో పాడేవాళ్లే ఉండరు, దాదాపు మొత్తం కట్టాల్సి వస్తుంది. చేరేటప్పుడు ఏజెంటు మొదటి నెలల డివిడెండ్ చూపించి మాట్లాడతాడు, మీరు ఆఖరి పది నెలల పాటలు ఎంతకు పోయాయో చూపించమనండి.

ఇప్పుడు అప్పు లెక్క. మా అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరిన ఏడాది ఇలాంటి చీటీనే మూడో నెలలో లక్షన్నరకు పాడాను. జీఎస్టీ పక్కన పెడితే వచ్చింది మూడున్నర లక్షలు. సగటున నెలకు 8,500 చొప్పున వేసుకుంటే మొత్తం కట్టేది నాలుగు లక్షల పాతిక వేలు. 75 వేలు పోయిందని మా అత్తయ్య బాధపడింది గానీ, ఆ డబ్బు నాలుగేళ్ల పాటు కొంచెం కొంచెంగా తీర్చాం, ఆ లెక్కన వడ్డీ ఏడాదికి పదిన్నర, పదకొండు శాతం మధ్య పడింది. అంటే వందకు నెలకు 90 పైసల దగ్గర. బయట రెండు రూపాయలకు తెచ్చే మాకు ఇది సగం కంటే తక్కువ. కమీషన్ మీద జీఎస్టీ కూడా ఉంటుందని మర్చిపోకండి, 2022 జూలై నుంచి అది 18 శాతం, 25,000 మీద 4,500 అవుతుంది. మాకు అది పాడుకున్న డబ్బులోంచే కోశారు.

ఆఖరిదాకా ఉంచితే సంగతి వేరు. అదే చీటీలో చివరి నెల దాకా ఆగి, 4,25,000 కట్టి, కమీషన్ పోను 4,75,000 తీసుకున్నారనుకోండి. యాభై వేలు మిగిలినట్టు కనిపిస్తుంది. ఏడాదికి లెక్కేస్తే ఐదున్నర శాతం చుట్టూ తిరుగుతుంది. పోస్టాఫీసు ఆర్డీకి 2023 అక్టోబరులో 6.7 శాతం చేశారు, అదే డబ్బు అన్ని నెలలూ ఆ రేటుకు పెరిగితే అరవై వేలు దాటి వస్తుంది, పైగా దానికి ష్యూరిటీలు (పూచీ సంతకాలు) లేవు, పాటకు వెళ్లే పనీ లేదు. అందుకే చీటీని ‘పొదుపు’ అని అమ్మేవాళ్ల మాట నేను ఒప్పుకోను. దాని అసలు బలం అవసరానికి డబ్బు చేతికి రావడంలో ఉంది. అయితే ఒక మాట కూడా చెప్పాలి: ఆర్డీ అయితే రెండు నెలలు ఆపినా అడిగేవాళ్లు ఉండరు, చీటీ అయితే పదో తారీఖు దాటగానే ఫోన్ వస్తుంది, లేటు వడ్డీ వేస్తారు. మా ఇంట్లో డబ్బు నిలిచింది ఆ ఫోన్ల వల్లే. ఆ పట్టు మీకు సహజంగా ఉంటే ఆర్డీయే మంచిది.

పాటకు వీలైనంతవరకు మనమే వెళ్లాలి. గవర్నర్‌పేటలో ఒక మేడ మీద గది, టేబుల్ దగ్గర మేనేజరు, ఎదురుగా కుర్చీల్లో మనలాంటివాళ్లు, చాలామంది ఆడవాళ్లే. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఎన్ని వేలు తగ్గించుకుంటారో ‘అరవై’, ‘డెబ్బై’, ‘ఎనభై అయిదు’ అని మామూలుగా నడుస్తుంది, వెనక వరుసలోంచి ఎవరో ఒక్కసారిగా ‘లక్షా ఇరవై’ అంటారు, అంతే, గది మొత్తం తలతిప్పి చూస్తుంది. ఆ మనిషికి ఆ డబ్బు ఎంత అవసరమో ఆ గొంతులోనే తెలిసిపోతుంది. ఏళ్లుగా చూస్తున్నాను, జూన్‌లో స్కూలు, కాలేజీ ఫీజులప్పుడు పాట పైకి పోతుంది, పెళ్లి ముహూర్తాల ముందు పోతుంది, సంక్రాంతి ముందు కూడా. సంక్రాంతి అయిపోయాక ఫిబ్రవరిలో చల్లబడుతుంది. ఫలానా ఫీజు జూన్‌లో కట్టాలని ముందే తెలుసుకదా, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పాడి డబ్బు బ్యాంకులో పెట్టుకుంటే పాతిక, ముప్పై వేల దాకా మిగులుతుంది. మా ఆడపడుచు ఇప్పుడు ఇలాగే చేస్తోంది. ఇప్పుడు కొన్నిచోట్ల వీడియోలో కూడా పాట పెడుతున్నారు, దానికి 2019 సవరణలో వీలు ఇచ్చారు, కానీ గదిలో కూర్చుంటే ఎదుటివాళ్ల వేగం తెలుస్తుంది, ఫోన్‌లో తెలియదు.

నాకు బాగా కోపం తెప్పించింది ష్యూరిటీల తంతు. పాడుకున్న తర్వాత మిగతా నెలలు కడతామని కంపెనీకి పూచీ చూపించాలి, అది న్యాయమే. కానీ ఒక కంపెనీలో (పేరు వద్దు) చేరేటప్పుడు ‘ఇద్దరు ఉద్యోగస్తులు చాలమ్మా’ అన్నారు, పాట అయ్యాక ముగ్గురు కావాలన్నారు, ఒకరిది ప్రైవేటు ఉద్యోగమని కొట్టేశారు, ఇంకొకరు అప్పటికే వేరేవాళ్లకు సంతకం పెట్టారని ఒప్పుకోలేదు. ఇలా తిప్పి తిప్పి డబ్బు ఇచ్చేసరికి దాదాపు రెండు నెలలు పట్టింది, ఈలోపు వాయిదాలు మాత్రం మేం కడుతూనే ఉన్నాం. ఆ తర్వాత నుంచి ఎక్కడ చేరినా ముందే కాగితం మీద రాయించుకుంటున్నాను: ఎంతమంది, ప్రభుత్వ ఉద్యోగులేనా, ఎంత జీతం ఉండాలి, ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒప్పుకుంటారా, ఎల్ఐసీ పాలసీ ఒప్పుకుంటారా. ష్యూరిటీ సంతకం కోసం చుట్టాల గుమ్మాలు ఎక్కడం ఎంత కష్టమో, పెట్టినవాళ్లు ఎంత టెన్షన్ పడతారో అనుభవించినవాళ్లకే తెలుసు. మీరు కూడా ఎవరికైనా పెట్టేముందు ఒకటి తెలుసుకోండి, వాళ్లు కట్టకపోతే కంపెనీ మీ దగ్గరకే వస్తుంది.

ఇక వీధి చీటీల గురించి. ష్యూరిటీలు అడగరు, కమీషన్ తక్కువ, నడిపేది మనకు తెలిసిన పిన్నిగారే, అందుకే మా సత్యనారాయణపురంలో ఇప్పటికీ చాలామంది అటే పోతారు. వద్దని కాళ్లు పట్టుకుని చెప్తాను. మా వెనక వీధిలో ఏళ్ల తరబడి నమ్మకంగా నడిపిన ఇంట్లోనే ఒక రోజు తాళం కనిపించింది, తర్వాత ఐపీ (దివాలా పిటిషన్) పెట్టారని తెలిసింది. ఇళ్లల్లో వంట చేసి బతికే ఆవిడ కూతురి పెళ్లికని దాచుకున్న డబ్బు అందులో ఉంది. కేసు పెట్టడానికి ఆవిడ చేతిలో ఉన్నదల్లా నెలనెలా టిక్కులు పెట్టిన చిన్న పుస్తకం.

1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చీటీ మొదలుపెట్టేముందే అనుమతి తీసుకోవాలి, అగ్రిమెంటు చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ కావాలి, చీటీ మొత్తానికి సమానమైన సెక్యూరిటీ పెట్టాలి, ప్రతి పాట మినిట్స్ రిజిస్ట్రార్‌కు పంపాలి. గొడవ వస్తే కోర్టుల చుట్టూ తిరగకుండా రిజిస్ట్రార్ దగ్గరే తేల్చుకోవచ్చు. మన రాష్ట్రంలో ఇది రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖ చూస్తుంది. చేరేరోజు మీకు ఇచ్చే అగ్రిమెంటు కాపీలో రిజిస్ట్రేషన్ నంబరు ఉందా చూడండి, ఆ నంబరు మీ గ్రూపుదా, కంపెనీదా అని కూడా అడగండి. కంపెనీ పెద్దదే కావచ్చు, మీ గ్రూపు రిజిస్టర్ కాకపోతే మీకు ఈ రక్షణ ఉండదు. డబ్బు నగదుగా ఇవ్వకుండా బ్యాంకు నుంచే పంపండి, ఏజెంటు ఫోన్ నంబరుకు అసలే వద్దు.

ప్రస్తుతం మాకు ఒక్క 5 లక్షల చీటీ నడుస్తోంది, వర్క్‌షాపులో కొత్త మిషన్ కోసం. పాప పెళ్లికి దాచేది మాత్రం పోస్టాఫీసు ఆర్డీలో వేస్తున్నాం. మిషన్ రేటు తేలగానే వచ్చే ఫిబ్రవరి పాటకు వెళ్తాను, పాట లక్ష దాటితే ఆ నెల వదిలేసి మార్చి దాకా ఆగుతాను.