అండర్‌వాటర్ స్కూటర్: మూడు పీసులు, మూడు రోగాలు

రెండు స్టార్లు. ఆ రెండూ డిజైన్‌కే, తయారీకి సున్నా.

దేవరకొండలో నాది మోటర్ వైండింగ్ షాపు. మా బామ్మర్ది ఆన్‌లైన్‌లో అండర్‌వాటర్ స్కూటర్ (చేత్తో పట్టుకుంటే ఫ్యాన్ తిరిగి మనిషిని నీళ్లలో లాక్కెళ్లే యంత్రం) తెప్పించుకుని, మూడో రోజుకే తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. "బావా, ముప్పై ఎనిమిది వేల ఐదు వందలు. ఒక్క ఆదివారం కూడా సరిగ్గా ఆడలేదు" అన్నాడు. డబ్బా మీద 40 మీటర్ల లోతు అని ఉంది. వీళ్లు ఆడింది మా దగ్గరి వైజాగ్ కాలనీ పక్కన నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌లో, ఒడ్డు పక్కన, ఛాతీలోతు నీళ్లలో.

బ్యాటరీ మూత తీస్తే చెంచాడు నీళ్లు. నీళ్లు దూరకుండా మూత చుట్టూ వేసే రబ్బరు రింగు, అదే ఓ-రింగ్, బాగానే ఉంది, గ్రీజూ ఉంది. అది కూర్చునే గాడిలో గోరు పెట్టి చుట్టూ తిప్పితే ఒకచోట తగులుకుంది. అచ్చులో పోసినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ ముక్క, బియ్యపు నూక అంత. దాని పక్క సందులోంచే నీళ్లు దూరాయి. ఫ్యాక్టరీలో లోపలి గాలి బయటికి లాగి లీకు చూసినా రెండు నిమిషాల్లో బయటపడే లోపం అది.

మా బోరు మోటర్ మూడు వందల అడుగుల కింద ఏళ్ల తరబడి తిరుగుతుంది కదా, ఇదెందుకు ఆడదని బామ్మర్ది అడిగాడు. బోరు మోటర్‌లో మనమే నీళ్లు నింపి దించుతాం. వైండింగ్ వైరుకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, లోపలా బయటా ఒత్తిడి దాదాపు సమానం. స్కూటర్ లోపల ఉండేది గాలి. పది మీటర్లు దిగితే బయట ఒత్తిడి రెట్టింపవుతుంది. ఆ తేడానంతా కాచుకోవాల్సింది ఆ సన్నటి రబ్బరు రింగే. అలాంటప్పుడు గాడిలో నూకంత ముక్క వదిలేస్తారా?

మార్చి ఇచ్చారు, దానికి వంక పెట్టను. రెండో పీసులో చుక్క నీరు దిగలేదు. స్విచ్చు ఏర్పాటు నాకు బాగా నచ్చింది. మీటలో అయస్కాంతం, లోపల సెన్సార్, బాడీకి రంధ్రమే లేదు. కానీ మూడు వారాలకు మీట వెనక్కి రావడం మానేసింది. వేలు తీసినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. మా మేనల్లుణ్ణి పదిహేను గజాలు లాక్కెళ్లింది. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి సరిపోయింది. స్ప్రింగ్ చూస్తే ఎర్రగా తుప్పు. మంచినీళ్లలోనే ఇలా అయితే సముద్రంలో ఎన్ని రోజులుంటుంది? వెనక్కి పంపుదామంటే లిథియం బ్యాటరీ అని ఇక్కడి కొరియర్ వాళ్లు తీసుకోలేదు. హైదరాబాద్ దాకా మోసుకెళ్లాం.

మూడోది గంట ఆడుతుందన్నారు. నా నీలం డ్రమ్ములో తక్కువ స్పీడు మీద పెట్టి చూస్తే 34 నిమిషాలు. పచ్చ లైటు వెలుగుతుండగానే టక్కున ఆగింది. వారంటీ స్టిక్కర్ చింపి సెల్లులు కొలిచా (పోతుందని తెలిసే చింపా). ఫుల్ చార్జింగ్ తర్వాత అన్నీ 4.17 వోల్టులు, ఒక్కటి 3.88. ఆ ఒక్కటి ముందే దిగిపోగానే బ్యాటరీని కాపాడే బోర్డు మొత్తం కట్ చేస్తోంది.

ఇంకో సంగతి ఎక్కడా రాయలేదు. దీని తేలడం సముద్రపు లెక్కకు సరిచేసి ఉంది. ఉప్పునీళ్లు వందకు రెండున్నర వంతులు ఎక్కువ బరువు. అక్కడ తేలీ తేలనట్టుండేది మన కృష్ణ నీళ్లలో మెల్లగా మునుగుతుంది. డ్రమ్ములో చేయి వదిలితే అడుగున కూర్చుంది.

ఆడినప్పుడు మాత్రం భలే ఉంటుంది. నేనూ ఒక రౌండు వేశా, యాభై ఏళ్ల వయసులో. తెరిచి చూస్తే ఎక్కడా పనికిమాలిన ఆలోచన లేదు. డబ్బాలో పెట్టేముందు ఒక్క మనిషి చేత్తో తడిమి చూసిన దాఖలా కూడా లేదు.

హైదరాబాద్‌లో తెలిసిన చోట సెల్లులన్నీ మార్పించాం, ఇంకో నాలుగు వేలు. ఈ ఆదివారం మళ్లీ తీసుకెళ్తానంటున్నాడు. హ్యాండిల్‌కు ముప్పై అడుగుల నైలాన్ తాడు, దాని చివర ఖాళీ ఐదు లీటర్ల నూనె డబ్బా కట్టి ఇచ్చా.