టోకు సూచీ, వినియోగదారుల సూచీ: ఏది మన ద్రవ్యోల్బణం?

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పి, కాయ రంగూ తేమా చూసి వ్యాపారులు క్వింటాకు కట్టే ధరకూ, అదే కాయ కారంగా మారి బ్రాడీపేట కిరాణా కొట్లో కిలో లెక్కన అమ్ముడయ్యే ధరకూ మధ్య రవాణా, మర కూలి, పన్ను, కొట్టువారి లాభం ఉంటాయి. టోకు ధరల సూచీ మొదటి అంచెకు దగ్గరగా నిలుస్తుంది; కేంద్ర వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖ వెలువరించే ఈ సూచీలో పరోక్ష పన్నులు కలవవు, సేవలు అసలే ఉండవు. లోహాలు, రసాయనాలు, యంత్రాల వంటి తయారీ సరుకులకే అందులో పెద్దపీట కనుక, ప్రపంచ మార్కెట్లో ముడిసరుకుల ధరలు పడిపోయినప్పుడు టోకు ద్రవ్యోల్బణం, అంటే ఏడాది కిందటితో పోలిస్తే ఈ సూచీ పెరిగిన శాతం, సున్నాకు దిగువకు కూడా జారుతుంది. ఆ నెలలో మన ఇంటి అద్దె మాత్రం పైసా తగ్గదు.

వినియోగదారుల ధరల సూచీ ఆ అద్దెనూ, బడి ఫీజునూ, వైద్యం ఖర్చునూ, బస్సు ఛార్జీనీ కూడా లెక్కలోకి తీసుకుంటుంది. కేంద్ర ప్రభుత్వం 2016లో రిజర్వు బ్యాంకుకు నిర్దేశించిన 4 శాతం ద్రవ్యోల్బణ లక్ష్యమూ, 2 నుంచి 6 శాతం హద్దులూ దీనికే ముడిపడి ఉండడం నా దృష్టిలో సబబే. అయితే జిన్నింగు మిల్లు నడిపేవారికి పత్తి, డీజిలు ధరల కదలిక టోకు సూచీలోనే స్పష్టంగా కనిపిస్తుంది.